పుట్టిన కోట ఆమెది కాలేదు!

పట్టుచీరల పెట్టె అడుగున ఒక నోటు దాచుకున్నాను. 20 మార్కుల జర్మనీ నోటు. 1995లో మా మేనమామ యంత్రాల పని మీద జర్మనీ వెళ్లొచ్చి, పిల్లలందరికీ చాక్లెట్లు పంచి, నాకు మాత్రం ఈ నోటు ఇచ్చాడు. ఆకుపచ్చ రంగు. ఒకవైపు ఓ స్త్రీ బొమ్మ. ఈవిడెవరు మావయ్యా, రాణిగారా అని అడిగాను. ఆయనకీ తెలీదు. రాణే అయ్యుంటుందిలే అన్నాడు. నేనూ అదే నమ్మాను.

రాణి కాదు, కవయిత్రి! ఈ సంగతి నాకు తెలిసేసరికి మార్కులు పోయి యూరోలొచ్చాయి. నా జుట్టు సగం నెరిసింది. మా అమ్మాయి పెద్ద చదువుకని జర్మనీలోని మున్‌స్టర్ అనే ఊరు వెళ్లింది. దాన్ని చూడ్డానికి వెళ్తూ సరదాకి ఆ నోటు కూడా పర్సులో పెట్టుకున్నాను. అది నోటు చూసి నవ్వేసింది. ఈవిడ పుట్టిన కోట ఇక్కడికి పది కిలోమీటర్లేనమ్మా, ఆదివారం వెళ్దాం పద అంది.

అలా చూశాను హుల్స్‌హాఫ్ కోటని. ఆ కోటలో పుట్టిన ఆనెట్టె ఫాన్ డ్రొస్టె హుల్స్‌హాఫ్ కథ అప్పటినుంచీ నా మనసులో తిరుగుతూనే ఉంది. మీతో చెప్పుకుంటే తప్ప తీరేలా లేదు.

నీళ్ల మధ్య ఇల్లు

కోట అనగానే మన కళ్లముందు గోల్కొండో, కొండపల్లో కదలాడుతుంది కదూ! ఇది అలాంటిది కాదు. కొండా లేదు, బారులు తీరిన బురుజులూ లేవు. చదునైన పొలాలు, మధ్యలో చెరువులాంటి నీళ్లు, ఆ నీళ్లలో ఇల్లు. ఆ ప్రాంతమంతా పల్లపు నేల. ఎత్తు మీద కట్టుకోవడానికి గుట్టలు లేవు. అందుకని అక్కడి జమీందార్లు ఇంటి చుట్టూ వెడల్పాటి కందకం తవ్వి నీళ్లు నింపుకునేవారు. శత్రువు రాకుండా ఆ నీళ్లే రక్ష.

హుల్స్‌హాఫ్‌లో నీళ్ల మధ్య రెండు దీవులున్నాయి. ముందు దీవి మీద కొట్టాలు, పనీపాటల భవనాలు. దాన్ని దాటితే వెనక దీవి మీద యజమాని ఇల్లు. డ్రొస్టె వంశంవారు 1417లో ఈ ఎస్టేటు కొన్నారు. ఇప్పుడు మనకు కనిపించే పెద్ద ఇల్లు 1540-45 మధ్య కట్టింది. అంటే ఆనెట్టె పుట్టేనాటికే దానికి 250 ఏళ్లు!

ఆమె 1797 జనవరిలో పుట్టింది. నెలలు నిండని బిడ్డ. అరచేతిలో పెట్టుకుని పెంచాల్సినంత బలహీనం. బతుకుతుందన్న ఆశ లేకపోతే, ఊళ్లోని ఓ నేతగాడి భార్యను పాలిచ్చే దాదిగా పెట్టారు. ఆ దాది పాలతోనే బిడ్డ నిలబడింది. ఈ రుణం ఆనెట్టె ఎన్నడూ మర్చిపోలేదు. దాది ముసలిదైపోయాక తనుండే ఇంటికే తెచ్చుకుని, 1845లో ఆమె కన్నుమూసేదాకా కన్నతల్లిలా చూసుకుంది.

ఆనెట్టెకు ఓ అక్క, ఇద్దరు తమ్ముళ్లు. అక్క జెన్నీ, పెద్ద తమ్ముడు వెర్నర్, చిన్న తమ్ముడు ఫెర్డినాండ్. తండ్రి మెత్తని మనిషి. పువ్వులూ పిట్టలూ వయొలినూ ఆయన లోకం. ఇంటి పెత్తనమంతా తల్లి థెరేసాదే. చదువుకున్నావిడ, తెలివైనది, పరువు ప్రతిష్ఠల దగ్గర మాత్రం చండశాసనురాలు. ఆడపిల్లలకూ ఇంట్లోనే మంచి చదువు చెప్పించారు. ఆనెట్టె ఏడెనిమిదేళ్లకే పద్యాలల్లేది. పియానో వాయించేది, పాటలకు బాణీలు కట్టేది.

ఆమె చూపు సంగతి చెప్పాలి. దూరంలో ఉన్న మనిషి ముఖం ఆనేది కాదు. కళ్లకు దగ్గరగా పెట్టుకుంటే మాత్రం గడ్డిపరక మీది పురుగు కాళ్లు కూడా లెక్కపెట్టగలిగేదట. ఆమె కవిత్వంలో నాచు, తూనీగ, బురదనేల, నీటిచుక్క అంత స్పష్టంగా కనిపించడానికి ఆ చూపూ ఓ కారణమని చెబుతారు.

మాట పదును

మన పిల్లలకు చెప్పే స్నోవైట్, సిండ్రెల్లా కథలు సేకరించి అచ్చేసిన గ్రిమ్ సోదరులు తెలుసు కదా! వాళ్లలో విల్‌హెల్మ్ గ్రిమ్ ఆనెట్టె అమ్మమ్మగారింటికి వస్తుండేవాడు. అక్కడి ఆడపిల్లలు తాము విన్న జానపద కథలూ పాటలూ ఆయనకు చెప్పేవారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఆ పనిలో సాయం చేశారు. నెమ్మదస్తురాలైన జెన్నీ అంటే ఆయనకు అభిమానం. ఆనెట్టె అంటే మాత్రం హడలు! ఎంతటివాడినైనా మాటకు మాట అనేసేది మరి. ఒకసారి ఆయన కల్లోకి వచ్చి, తన వెంట్రుకలు పీకి విసిరితే అవి బాణాలై మీదికొచ్చాయని గ్రిమ్ ఓ ఉత్తరంలో రాసుకున్నాడు.

ఆ పదునే ఆ ఇంటి మగపిల్లలకు నచ్చలేదు. 1820 వేసవిలో దానికి శిక్ష పడింది.

అమ్మమ్మగారింటికి మావయ్య స్నేహితుడొకడు వచ్చేవాడు. పేరు హైన్రిక్ స్ట్రౌబె. లా చదువుతున్నాడు. పేదవాడు, జమీందారీ వంశం కాదు, వీళ్లు కాథలిక్కులైతే అతను ప్రొటెస్టెంటు. అయినా ఇద్దరికీ మనసు కలిసింది. అంతలో అతని స్నేహితుడు, అర్న్స్‌వాల్ట్ అనే అందగాడు వచ్చి ఆమెను ఆకర్షించాలని చూశాడు. ఇరవై మూడేళ్ల పిల్ల, ఓ క్షణం తడబడింది. మనసు మాత్రం స్ట్రౌబెదేనని అతనికి చెప్పేసింది కూడా. కానీ ఆ తడబాటే వాళ్లకు చాలింది. ఇద్దరు మగవాళ్లూ కూర్చుని, కలిసి ఒకే ఉత్తరం రాసి ఆమెను వదిలించుకున్నారు. ఇదంతా ఒక పరీక్షట! బంధువర్గమంతా తెలిసిపోయింది. మచ్చ ఎవరికి పడింది? ఇంకెవరికి, పిల్లకే!

ఈ తతంగంలో పాత్ర ఉన్న ఓ పిన్ని వరసావిడ, ఆనా, పదేళ్ల తర్వాత ఆ అర్న్స్‌వాల్ట్‌నే పెళ్లి చేసుకుంది. ఆనెట్టె మాత్రం ఏళ్ల తరబడి అమ్మమ్మగారి గడప తొక్కలేదు. పెళ్లీ చేసుకోలేదు.

ఆ ఏడాదే ఆమె భక్తి కవితలు కొన్ని రాసి తల్లి చేతిలో పెట్టింది. దేవుడి మీద కవితలే అయినా నిండా సందేహాలూ, తప్పుచేశానన్న బాధా ఉన్నాయి. తల్లి చదివింది. ఒక్క ముక్క అనకుండా బీరువాలో పెట్టేసింది. కొన్ని రోజులు చూసి, కూతురే వెళ్లి వాటిని వెనక్కి తెచ్చుకుంది. తిట్టినా బాగుండేదేమో! ఆ కవితలు పుస్తకంగా వచ్చింది 1851లో, ఆమె పోయిన మూడేళ్లకి.

తమ్ముడికి కోట, అక్కలకి నత్తగుల్ల

1826లో తండ్రి పోయాడు. కోట, పొలాలు, అడవి అన్నీ పెద్ద కొడుకు వెర్నర్‌కి వచ్చాయి. అక్కలిద్దరూ వాడికన్నా పెద్దవాళ్లే. అయితేనేం, ఆడపిల్లలు! తల్లి కూతుళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని, అయిదారు కిలోమీటర్ల దూరంలో ఉన్న రుష్‌హౌస్ అనే ఇంటికి మారిపోయింది. తమ్ముడు చెడ్డవాడేం కాదు, వెళ్లిపొమ్మనలేదు. రివాజు అది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

ఇది చదువుతుంటే మీకేమైనా గుర్తొస్తోందా? నాకు వచ్చింది. మా నాన్న పోయాక ఇల్లు తమ్ముడి పేర రాయించేటప్పుడు నేనూ సంతకం పెట్టాను. ఇష్టంగానే పెట్టాను. అయినా మర్నాడు అదే ఇంట్లో కాఫీ ఇస్తే, కుర్చీ అంచున కూర్చుని తాగాను. ఎందుకో నాకే తెలీలేదు.

రుష్‌హౌస్ కూడా చూశాం. ష్లౌన్ అనే పేరుమోసిన వాస్తుశిల్పి 1745-49 మధ్య తనకోసం కట్టుకున్న ఇల్లు. ముందునుంచి చూస్తే రైతు ఇల్లు, తోటవైపు నుంచి చూస్తే దొరల ఇల్లు! పశువులకూ మనుషులకూ ఒకటే కప్పు. అందులో చిన్న చిన్న గదులు ఆనెట్టెవి. వాటికి ఆమె నత్తగుల్ల అని ముద్దుపేరు పెట్టుకుంది.

ఆ గుల్లలో దాదాపు ఇరవై ఏళ్లు గడిపింది. పెళ్లికాని ఆడమనిషి అంటే అందరికీ చులకనేగా! ఎవరింట్లో జబ్బు చేసినా, ఎక్కడ సాయం కావాలన్నా కబురు ఆనెట్టెకే. ఓ స్నేహితురాలికి ఒంట్లో బాగాలేకపోతే బాన్ నగరానికి వెళ్లి నెలల తరబడి సేవ చేసింది. ఆమె ఆరోగ్యమూ అంతంతమాత్రమే. 1829లో చిన్న తమ్ముడు ఫెర్డినాండ్ పోయినప్పుడు ఆ దిగులుతో మంచం పట్టింది. అప్పుడామెకు మందిచ్చింది ఎవరో తెలుసా? బోనింగ్‌హౌజెన్! మన ఇళ్లలో హోమియో పుస్తకాలు తిరగేసేవాళ్లకు ఈ పేరు తెలిసే ఉంటుంది. ఆయనది ఆ చుట్టుపక్కలే. ఆయన తొలినాళ్ల రోగుల్లో ఆనెట్టె ఒకరు.

కాస్త కోలుకుంటే చాలు, చేత సుత్తి పట్టుకుని బీళ్ల వెంట తిరిగేది. రాళ్లు పగలగొట్టి వాటిలోని పాతకాలపు శంఖాల, చేపల అచ్చులు ఏరుకునేది. రాత్రిళ్లు రాసుకునేది.

74 పుస్తకాలు

1838లో, ఆమెకు 41 ఏళ్లప్పుడు, మొదటి పుస్తకం అచ్చయింది. అదీ పూర్తి పేరు లేకుండా. వంశం పేరు బజారున పడకూడదని ఇంటిపేరు చోట పొడి అక్షరాలు, చుక్కలు! ఎన్ని అమ్ముడుపోయాయనుకున్నారు? 74. అయినవాళ్లే ఎగతాళి చేశారు. ఎవరికీ అర్థంకాని రాతలన్నారు. మన ఇళ్లలో ఆడవాళ్లు కథో కవితో రాసి పత్రికకు పంపినప్పుడు వినే మాటలే ఇవీ!

ఈలోగా జెన్నీకి 39వ ఏట పెళ్లయింది. భర్త లాస్‌బెర్గ్ పాత గ్రంథాలు సేకరించే పెద్దాయన. జర్మనీకి దక్షిణపు కొసన, కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున మేర్స్‌బుర్గ్ పాతకోట కొనుక్కుని అక్కడే కాపురం పెట్టాడు. 1841 శరదృతువులో ఆనెట్టె అక్క దగ్గరికి వెళ్లింది. ఆమెకు బురుజులో గది ఇచ్చారు. కిటికీ తీస్తే సరస్సు, ఆవల ఆల్ప్స్ మంచుకొండలు.

ఆ చలికాలమే ఆమె బతుకులో పండుగ. లాస్‌బెర్గ్ గ్రంథాలయానికి జాబితా రాయడానికి లెవిన్ షుకింగ్ అనే యువకుడు వచ్చాడు. ఆమె చనిపోయిన స్నేహితురాలి కొడుకు. ఆమెకన్నా 17 ఏళ్లు చిన్న. రాతల్లో కుడిభుజంలా ఉండేవాడు. కవిత్వం తలుచుకున్నప్పుడల్లా రాదు, దానికి ఘడియ రావాలి అని ఓసారి వాదించాడట. ఈ చలికాలంలోనే ఓ పుస్తకానికి సరిపడా రాసి చూపిస్తానని ఆమె పందెం కాసింది. కాసి, గెలిచింది! ఇంచుమించు రోజుకో కవిత రాసి వినిపించేది.

వాటిలో ఒకటి బురుజు మీద నిలబడ్డ స్త్రీ గురించి. గాలీ అలలూ చూస్తూ మగవాడిగా పుట్టి ఉంటే ఎన్ని చేసేదాన్నో అనుకుంటుంది. కానీ తనకు దక్కింది బుద్ధిగా కూర్చోవడం, ఎవరూ చూడకుండా జుట్టు విప్పి గాలికి వదలడం. అంతే. మా అమ్మాయి అర్థం చెబుతుంటే ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.

1842లో ఆమె పెద్ద కథ ఒకటి పత్రికలో వచ్చింది. బీచ్ చెట్టు కింద ఓ యూదు వ్యాపారి హత్య, ఊరి జనం కళ్లు మూసుకోవడం, చివరికి ఆ చెట్టు దగ్గరే తీరిన లెక్క. అమ్మమ్మగారి ప్రాంతంలో 1783లో జరిగిన హత్యే దానికి ఆధారం. యూదుల బీచ్ చెట్టు అనే పేరు పెట్టింది మాత్రం పత్రిక సంపాదకుడు. జర్మనీ పిల్లలు ఇప్పటికీ బళ్లలో చదువుతున్నారు. నా నోటు వెనకవైపు చెట్టు ఎందుకుందో అప్పుడర్థమైంది. ఆ చెట్టు పక్కనే ఈక కలం బొమ్మ కూడా ఉంది!

సొంత ఇల్లు

1843లో షుకింగ్ పెళ్లి చేసుకున్నాడు. తర్వాత దొరల ఇళ్ల గుట్టు బయటపెడుతూ ఓ నవల రాశాడు. ఆ గుట్టు చెప్పింది ఆనెట్టేనని బంధువులు నమ్మారు. ఆమె మనసు విరిగిపోయింది. ఆ స్నేహం మళ్లీ అతకలేదు.

కానీ అదే 1843లో ఇంకో సంగతి జరిగింది. నవంబరులో మేర్స్‌బుర్గ్‌లో ఓ చిన్న ఇల్లు వేలానికొచ్చింది. ద్రాక్షతోట మధ్య గుట్టమీద, కింద సరస్సు. ఆనెట్టె 400 టేలర్లకు పాడుకుంది! ఆ డబ్బు ఎక్కడిదనుకున్నారు? నాన్న ఇచ్చిందీ కాదు, తమ్ముడు ఇచ్చిందీ కాదు. కొట్టా అనే పెద్ద ప్రచురణ సంస్థ తన కొత్త కవితల పుస్తకానికి ఇచ్చే పారితోషికం మీద భరోసాతో కొన్నది. ఆ పుస్తకం 1844లో వచ్చింది. ఈసారి చుక్కల్లేవు. పూర్తి పేరు!

46 ఏళ్ల వయసులో, తన చేతి రాతతో కొనుక్కున్న ఇల్లు. ఎక్కడ ఏం పెట్టాలో, ద్రాక్ష ఎంత పండుతుందో లెక్కలేసుకుంది. పాపం, ఆ ఇంట్లో కాపురముండే యోగం మాత్రం లేకపోయింది. జబ్బు ముదిరింది. మేర్స్‌బుర్గ్ వచ్చినా అక్కగారి కోటలోనే ఉండాల్సొచ్చింది. 1848 మే 24న ఆ కోటలోనే కన్నుమూసింది. 51 ఏళ్లు. ఆ ఊరి శ్మశానంలోనే సమాధి చేశారు. పుట్టింది తండ్రి కోటలో, పోయింది బావగారి కోటలో.

ఇప్పుడు ఆ కోట

ఇప్పుడు ఆ ఇళ్లు ఏమయ్యాయో చూడండి. ద్రాక్షతోటలోని బుల్లి ఇల్లు 1923 నుంచి ఆమె మ్యూజియం. నత్తగుల్ల ఉన్న రుష్‌హౌస్ కూడా మ్యూజియమే. హుల్స్‌హాఫ్ కోట 1417 నుంచి దాదాపు ఆరు వందల ఏళ్లు ఆ వంశం చేతుల్లోనే ఉంది. 2012లో ఆనెట్టె పేరునే ఒక ట్రస్టు ఏర్పాటై కోట దాని కిందికి వచ్చింది. 2018 నుంచి అక్కడ సాహిత్య కేంద్రం నడుస్తోంది. రాసేవాళ్లు వస్తారు, చదివి వినిపిస్తారు, నాటకాలు, పాటలు, చర్చలు. కోటనుంచి రుష్‌హౌస్‌దాకా ఏడు కిలోమీటర్ల కాలిబాటకు కవితల బాట అని పేరు పెట్టారు. తండ్రి పోయాక ఆ కోట వదిలి ఆమె చేరింది ఈ బాట అవతలి ఇంటికే!

ఆ ఆదివారం మేమూ నడిచాం. ఏడు కిలోమీటర్లూ నడవలేక మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. పొలాలు, చెట్ల వరసలు, తడినేల వాసన. కోటకు వచ్చే జనం ఎవరికోసం వస్తున్నారని ఆలోచించాను. అక్కడ ఏలిన దొరల పేర్లు మా అమ్మాయికీ తెలీవు. తమ్ముడు వెర్నర్ పేరు కూడా నేను అక్కగారి కథలోనే విన్నాను. వాటా ఇవ్వని ఇంటికి ఆమె పేరే ఇవాళ అన్నం పెడుతోంది. పైకప్పు బాగుచేయాలన్నా, కందకంలో పూడిక తీయాలన్నా ఆనెట్టె పేరు చెప్పే డబ్బు అడగాలి.

ఇది చూసి సంతోషించాలో, బాధపడాలో తేల్చుకోలేకపోయాను. పోయాక దక్కిన కోట ఆమెకెందుకు? బతికుండగా ఓ గది, ఓ తాళంచెవి, తన పేరుతో ఓ పుస్తకం... ఇంతేగా అడిగింది! మా అమ్మాయి మాత్రం వేరే మాట చెప్పింది. కోట సంగతి వదిలెయ్యమ్మా, ఆ వేలంపాట రోజు ఆవిడ ముఖం ఎలా వెలిగిపోయి ఉంటుందో అది ఊహించుకో అంది. నిజమే. ఆ కథలో నాకూ ఎక్కువ నచ్చింది అదే.

తిరిగొచ్చేముందు ఇంకో కబురు కూడా చెప్పింది. నా 20 మార్కుల నోటు దుకాణాల్లో చెల్లకపోయినా, జర్మనీ రిజర్వు బ్యాంకులాంటి పెద్ద బ్యాంకుకు తీసుకెళ్తే ఇప్పటికీ మారుస్తారట. గడువే లేదట. 10 యూరోల 23 సెంట్లు ఇస్తారట. మార్చమంటావా అని అడిగింది. వద్దన్నాను.

ఇంటికొచ్చాక నోటు మళ్లీ చీరల పెట్టెలోనే పెట్టాను. కాకపోతే ఈసారి అడుగున కాదు. ఓ కాగితం మీద ఆవిడ పూర్తి పేరు తెలుగులో రాసి, నోటుకు జతచేసి పైనే ఉంచాను. రేపు నా మనవరాలు పెట్టె తెరిచి ఈవిడెవరమ్మమ్మా, రాణిగారా అనడిగితే, మా మావయ్యలా తడుముకోనక్కర్లేదు కదా!